లెక్క అప్పగించుట

ధ్యాన భాగములు: ఎజ్రా 8:24–34, 2 కొరింథీ 8:16–21



మన సీమ పల్లెలలో రొక్కమును "లెక్క" అందురు. "చేతిలో లెక్క లేదు", "బెంగుళూరునుండి పిల్లవాడు లెక్క పంపినాడు" అను మాటలు మనము నిత్యము వినుచున్నవే. రొక్కమునకును, ఆ రొక్కమును గూర్చి చెప్పవలసిన వివరమునకును మన నోట ఒకే మాట యున్నది. సంఘమునకు ఇందులో మంచి పాఠము గలదు. లెక్క వచ్చిన చోట లెక్క చెప్పవలెను. ఈ రెంటిని వేరుచేసిన దినమున సంఘములో కలహము పుట్టును.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల సంఘములను దర్శించునపుడు, ఆరాధన ముగిసిన పిమ్మట మేము పెద్దలతో కూర్చుండి జమాఖర్చుల పుస్తకము చూపుమని అడుగుదుము. కొన్నిచోట్ల పుస్తకము వెంటనే వచ్చును. కొన్నిచోట్ల ఎవరును నోరు విప్పరు. కొంతసేపటికి ఎవరో ఒకరు, "ఏమి అయ్యగారూ, మా మీద నమ్మకము లేదా?" అని అడుగుదురు. ఆ ప్రశ్నలో నొప్పి యున్నది. దానిని తేలికగా త్రోసివేయరాదు. ఈ మాసము ఆ ప్రశ్నకే వాక్యమునుండి జవాబు వెదకుదము.

ఎజ్రా తూచి అప్పగించెను

ఎజ్రా బబులోనునుండి యెరూషలేమునకు బయలుదేరెను. దారి నాలుగు నెలలది. పొంచియున్న దొంగల భయము గలదు. దేవుడే మమ్మును కాపాడునని రాజు ఎదుట సాక్ష్యమిచ్చియున్నందున, కావలికి సైనికులను అడుగుటకు అతడు సిగ్గుపడెను. అహవా నదియొద్ద ప్రజలందరును ఉపవాసముండి ప్రార్థించిరి. ఇంత విశ్వాసముగల మనుష్యుడు తరువాత ఏమి చేసెను? షేరేబ్యా, హషబ్యా మొదలైన యాజకులలో పన్నిద్దరిని ఏర్పరచి, మందిరము కొరకు వచ్చిన వెండి బంగారములను వారి కన్నుల ఎదుట తూచి చేతికిచ్చెను. వెండి 650 తలాంతులు, బంగారము 100 తలాంతులు. యెరూషలేము చేరి విశ్రమించిన తరువాత, నాలుగవ దినమున, ఊరియా కుమారుడైన మెరేమోతును అతనితోకూడ మరి ముగ్గురును ఆ సొత్తును మరల తూచిరి. సంఖ్యయు తూనికయు సరిపోయెను. ఆ తూనిక అంతయు అప్పుడే వ్రాయబడెను.

చూచితిరా! సైనికులను అడుగుటకు సిగ్గుపడినవాడు త్రాసును తెచ్చుటకు సిగ్గుపడలేదు. మీరు ప్రభువునకు ప్రతిష్ఠితులని ఆ యాజకులతో చెప్పిన నోటితోనే తూనికయు చెప్పెను. ఇది అపనమ్మకమా? కానేకాదు. నాలుగు నెలల దారి నడచివచ్చిన తరువాత, "నడుమ ఎంత పోయెనో ఎవరికి తెలియును" అని ఎవడైనను గుసగుసలాడినయెడల, ఆ పన్నిద్దరి మంచిపేరును కాపాడునది ఏది? ఆ త్రాసే. చేనికి కంచె ఎట్టిదో నమ్మకస్థునికి లెక్క అట్టిది.

పౌలు ఒంటరిగా మోయలేదు

యెరూషలేములోని బీదలైన పరిశుద్ధుల కొరకు పౌలు అన్యజనుల సంఘములలో చందా కూర్చెను. మాసిదోనియ సంఘములు తామే మిక్కిలి పేదరికములో నుండియు, తమ శక్తికి మించి ఇచ్చిరి. ఆ చందాను తీసికొని పోవుటకు పౌలు చాలడా? సువార్త కొరకు దెబ్బలు తినినవాడు, చెరసాలలో పాటలు పాడినవాడు, డేరాలు కుట్టి తన కూడు తాను సంపాదించుకొన్నవాడు గదా. అయినను అతడు తీతును, అతనితోకూడ మరి ఇద్దరు సహోదరులను పంపెను. అందులో ఒకడు పౌలు ఎన్నుకొన్నవాడు కాడు, సంఘములు ఎన్నుకొన్నవాడు. ఎందుకిట్లు చేసెనో అతడే తెలిపియున్నాడు. ఇంత పెద్ద ధర్మము విషయములో తమమీద ఎవడును తప్పు మోపకుండునట్లు జాగ్రత్తపడెను. ప్రభువు ఎదుట మాత్రమే గాక మనుష్యుల ఎదుటను యోగ్యముగా కనబడునట్లు చూచుకొనెను.

"దేవునికి తెలియును, అది చాలును" అని మనలో కొందరు అందురు. అపొస్తలునికి అది చాలలేదు. దేవునికి తెలిసినది సహోదరునికిని తెలియవలెనని అతడు కోరెను. అతనికి చాలనిది మనకు చాలునా?

మా సంఘములలో జరిగిన సంగతి

ఈ పాఠమును మేము పుస్తకములో చదివి మాత్రమే నేర్చుకొనలేదు. సిగ్గుతో నేర్చుకొంటిమి. పుంగనూరునుండి కుప్పము పోవు దిక్కున ఒక చిన్న సంఘము గలదు. దాని పేరు ఇక్కడ చెప్పము. అక్కడ కోశాధికారిగా ఒక పెద్దాయన యుండెను. మూడు ఆవులు, ఎకరము వేరుశెనగ చేను ఆయన జీవనము. గుడి పైకప్పు కొరకు కొన్నియేండ్లుగా కూడిన రొక్కము ఆయన యింటి ట్రంకుపెట్టెలో నుండెను. బ్యాంకు ఖాతా లేదు, రసీదు పుస్తకము లేదు. ఆయన పద్దులన్నియు పాత క్యాలెండరు కాగితముల వెనుక వ్రాసి దారముతో కట్టి ఉంచుకొనెను.

ఒక క్రిస్మసుకు దీపములకు, విందుకు రొక్కము చాలలేదు. "పైకప్పు లెక్కలోనుండి తియ్యన్నా, టమోటా కోతలైనాక పెడతాము" అని పెద్దలు కొందరు నోటిమాటగా చెప్పిరి. ఆయన ఇచ్చెను. ఆ యేడు టమోటా ధర పడిపోయెను. కోసిన కూలి కూడ రాలేదు. తీసిన రొక్కము ఎవరును తిరిగి పెట్టలేదు. మరుసటి వానకాలములో పైకప్పు కారి, బల్లమీది బైబిలు తడిసెను. అప్పుడు ఊరిలో మాట లేచెను: "యాడికి పోయింది గుడి లెక్క?" తియ్యుమని చెప్పినవారిలో ఒక్కడును లేచి "మేమే తీయించితిమి" అని చెప్పలేదు.

ఆ పెద్దాయన ఒక ఆవును అమ్మి, ఆ రొక్కము తెచ్చి ఆదివారము బల్లమీద పెట్టి, ఏమియు మాటలాడక వెళ్లిపోయెను. తరువాత రెండేండ్లు గుడికి రాలేదు.

ఆ క్రిస్మసు విందులో మేమును కూర్చుండి భుజించితిమి. విందుకు రొక్కము ఎక్కడినుండి వచ్చెనని మేము అడుగలేదు. ఆయన మీద నింద లేచినప్పుడును, అడిగిన నొచ్చుకొందురేమో అని మిన్నకుంటిమి. అడుగకపోవుటయే ప్రేమ అనుకొంటిమి. అది ప్రేమ కాదు, పిరికితనము. రెండేండ్ల తరువాత ఆ క్యాలెండరు కాగితములను అడిగి తెప్పించి, ఒక దినమంతయు కూర్చుండి కూడి చూచితిమి. నలుబది రూపాయలు తప్ప అంతయు సరిపోయెను. క్రిస్మసు పద్దు ప్రక్కన, ఎవరెవరు ఇమ్మనిరో వారి పేర్లు కూడ వ్రాసియుండెను. సంఘమంతయు భుజించిన విందునకు ఆయన ఒక్కడే తన ఆవును అమ్మి చెల్లించెను.

పెద్దలును మేమును కలిసి ఆయన యింటికి పోయి క్షమాపణ అడిగితిమి. ఆయన చాలసేపు ఊరకుండి, "ఆ పొద్దే ఒక మాట అడిగింటే చాలు గదయ్యా. తీసి చూపించేవాణ్ణి గదా," అనెను. ఆ మాట మేము మరువలేదు. సంఘము ఆవు వెలను మూడు కంతులలో తిరిగి ఇచ్చెను. ఆయన మరల కోశాధికారిగా ఉండుటకు ఒప్పుకొనలేదు గాని, ఇప్పుడు ప్రతి ఆదివారము, డిగ్రీ చదివిన ఒక అమ్మాయితో కూర్చుండి కానుకలు లెక్కించు ఇద్దరిలో ఒకడుగా నున్నాడు.

ప్రియులారా, లెక్క అడుగుట అపనమ్మకమని అనుకొనువారు దీనిని తలంచుకొనవలెను. లెక్క లేనందున ఆ సంఘములో నష్టపడినవాడు దొంగ కాడు, నమ్మకస్థుడు. దొంగకు లెక్క లేకపోవుటయే మేలు. యథార్థవంతునికే లెక్క అవసరము.

దేనికని ఇచ్చిరో దానికే

యోవాషు రాజు దినములలో ఇట్టి సంగతియే జరిగెనని 2 రాజులు 12వ అధ్యాయములో చదువుచున్నాము. మందిరము బాగుచేయుటకని ప్రజలు రొక్కము ఇచ్చుచునే యుండిరి. రాజు ఏలుబడిలో 23వ సంవత్సరము వచ్చినను మందిరపు బీటలు బీటలుగానే యుండెను. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు బెజ్జము చేసి, బలిపీఠము దగ్గర ఉంచెను. పెట్టె నిండినప్పుడు రాజుయొక్క లేఖకుడును ప్రధానయాజకుడును ఇద్దరును వచ్చి లెక్కించి సంచులలో కట్టిరి. ఆ రొక్కముతో వెండి గిన్నెలు గాని బూరలు గాని చేయింపలేదు. వడ్లవారికి, కాసెపనివారికి, మ్రానులకు, రాళ్లకు మాత్రమే ఇచ్చిరి. గిన్నెలును మందిరమునకు కావలసినవే. అయినను బీటల కొరకు వచ్చినది బీటలకే పోయెను.

ఆ పని చేయించినవారు నమ్మకస్థులైనందున వారిని లెక్క అడుగలేదని అక్కడే వ్రాయబడియున్నది గదా అని ఒకరు మమ్మును అడిగిరి. మంచి ప్రశ్న. అయితే ఆ రొక్కము వారి చేతికి రాకముందే ఇద్దరు లెక్కించి, తూచి, ఏ పనికో నిర్ణయించి ఇచ్చిరి. ముందు కాపాడినందున వెనుక తగవు లేకపోయెను. మనము ముందును లెక్కింపక, వెనుకను అడుగక యుండి, ఆ వచనమును సాకుగా చెప్పుకొనరాదు.

ఇప్పుడు బాధ్యత మనది

మదనపల్లెలో 1863లో డాక్టరు జేకబ్ చేంబర్లేన్‌గారు ఆర్కాటు మిషను పని ఆరంభించిరి. దానికి రొక్కము అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘము పంపుచుండెను. ఆ సమయముననే ఆ దేశములో అంతర్యుద్ధము (1861–1865) సాగుచుండెను. బంగారముతో పోల్చి చూడగా అక్కడి కాగితపు డాలరు విలువ 1864 నాటికి సగముకంటె తక్కువకు దిగిపోయెను. దూరమునుండి వచ్చు రొక్కము ఎంత ప్రేమతో వచ్చినను, మన వశములో లేని గాలికి ఊగుచుండును. 1915లో మదనపల్లె ప్రక్కన ఆరోగ్యవరములో క్షయరోగుల శానిటోరియము తెరచినప్పుడు, ఒక్క మిషనుకు భారమైన పనిని పలు మిషనులు కలిసి పంచుకొనెను. పంచుకొనుటకు ముందుగా ఖర్చు ఎంతో అందరికి తెలియవలెను. లెక్క తెలియనివారు భారము పంచుకొనలేరు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. అప్పటినుండి క్రమముగా గుడి, కాపరి జీతము, బీదల పోషణ మన చేతికి వచ్చినవి. ఇది మనకు గౌరవము. మనము ఇచ్చునది గనుక, మనము అడుగవలసినదియు, మనకు చెప్పవలసినదియు నున్నది.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి తగులుబడి లెక్కించుకొనునని ప్రభువు చెప్పెను (లూకా 14:28). సంఘపు బడ్జెటు అనగా ఇదియే. మన రాబడి ఒకే రీతిగా ఉండదు. మదనపల్లె టమోటా మండీని చూడుడు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటినది. అదే పంటను కొనువారు లేక రోడ్డు ప్రక్కన పారబోసిన కాలములును మనము చూచితిమి. అట్లే కుప్పము ప్రాంతములో పట్టుగూళ్ల ధరయు ఎక్కుచు దిగుచు నుండును. కావున మంచి యేటి రాబడిని చూచి బడ్జెటు వేయరాదు. గడచిన మూడేండ్ల పుస్తకము తీసి, అందులో అన్నిటికంటె తక్కువ వచ్చిన యేటిని ఆధారము చేసికొనవలెను. మంచి యేడు మిగిలినది యోసేపు కొట్లవలె కరవు యేటికి నిలువ చేయవలెను.

నెలకు పదివేల రూపాయలు వచ్చు ఒక చిన్న సంఘమును అనుకొందము. అందులో కాపరి జీతమునకు పాస్టరేటుకు చెల్లించు భాగము 5,000, కరెంటు బిల్లు, శుభ్రము 1,000, బీదలకు, రోగులకు 1,000, ఆదివారపు బడి 500, మరమ్మతు నిధి 1,500, నిలువ 1,000. మొత్తము సరిపోయెను. మరమ్మతుకు ఏడాదికి 18,000 రూపాయలు కూడును. ఇది ఉదాహరణ మాత్రమే. మీ సంఘపు అంకెలు మీరే వేసికొనుడు. అయితే రెండు సంగతులు మరువకుడు. కాపరి జీతము మిగిలినప్పుడు ఇచ్చునది కాదు, మొదట తీసిపెట్టవలసినది. బీదల భాగము కూడ పండుగ ఖర్చు పోగా మిగిలినది కారాదు.

"మేము కొద్దిమందిమి, మాకు బడ్జెటు ఏల?" అని అనకుడు. పుంగనూరు ఆవును చూడుడు. పొట్టి ఆవు, మేతయు కొంచెమే. అయినను దాని పాలలో వెన్న అధికమని పేరు. చిన్న సంఘము కొంచెము రాబడిని జాగ్రత్తగా వాడుకొనినయెడల అందులోనుండి చాల మేలు తీయవచ్చును. పాల బిల్లు వచ్చినప్పుడెల్ల ఒక నోటు తీసిపెట్టు స్త్రీలును, వంట బియ్యములోనుండి పిడికెడు ఎత్తిపెట్టు తల్లులును కోతపండుగ నాటి పెద్ద కానుకకంటె స్థిరముగా సంఘమును మోయుచున్నారు.

చేయవలసిన కొన్ని పనులు

కానుకల సంచిని ఇద్దరు, వేర్వేరు కుటుంబములవారు, గుడిలోనే, అందరు చూచుచుండగా లెక్కించవలెను. మొత్తమును అప్పుడే పుస్తకములో వ్రాసి ఇద్దరును సంతకము చేయవలెను. ఎజ్రా దినమున తూనిక అప్పుడే వ్రాయబడెను గదా. కోతపండుగలో వేలము వేసిన కోడి, గుమ్మడికాయ, వేరుశెనగ మూటల వెలయు ఇట్లే వ్రాయవలెను. వేలము పాడి బాకీ పెట్టినవారి పేర్లును వ్రాయవలెను.

రొక్కము ఎవరి యింటను ఉండరాదు. కమిటీ తీర్మానముతో సంఘము పేరిట బ్యాంకు ఖాతా తెరచి, ఇద్దరి సంతకములు లేనిదే తీయకుండునట్లు చేయవలెను. ఇచ్చిన ప్రతి రూపాయికి చీటీ ఉండవలెను. నోటిమాటతో ఒక నిధిలోనుండి మరియొక దానికి తీయరాదు. తీయక తప్పనియెడల, ఎవరు తీయించిరో, ఎప్పటికి తిరిగి పెట్టుదురో మినిట్సు పుస్తకములో వ్రాయవలెను.

ఇప్పుడు కానుక సెల్‌ఫోనులోను వచ్చుచున్నది. కుప్పమునుండి రైలెక్కి బెంగుళూరుకు పనికి పోవు మన యౌవనస్థులు అక్కడనుండియే కానుక పంపుచున్నారు. సంతోషము. అయితే గుడి గోడకు అంటించిన ఆ క్యూఆర్ కోడు ఎవరి ఖాతాకు పోవుచున్నది? అది కార్యదర్శి సొంత ఖాతాయైనయెడల, ఆయన ఎంత మంచివాడైనను, గుడి రొక్కము ఆయన యింటి రొక్కముతో కలిసిపోవును. రేపు ఆయనకు జబ్బు చేసిన, లేక మరణించిన, విడదీయువారు ఎవరు? ఈ వారమే ఆ కాగితము తీసివేసి, సంఘపు ఖాతాది అంటించుడి.

పరదేశములనుండి ఎవరైనను కానుక పంపెదమన్న, సొంత ఖాతాలో తీసికొనకుడు. విదేశీ విరాళముల చట్టము 2010లో వచ్చినది. 2020లో దానిని సవరించి, అట్టి రొక్కము అనుమతి పొందిన సంస్థ పేరిట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ముఖ్య శాఖలో తెరచిన ఖాతాకే మొదట రావలెనని నియమించిరి. కావున అధ్యక్షఖండపు కార్యాలయమును అడుగకుండ అట్టి పని తలపెట్టకుడు. మంచి మనసుతో తీసికొన్నను చిక్కు చిక్కే.

చివరిగా, మూడు నెలలకు ఒకసారి ఆరాధనయైన పిమ్మట లెక్క బిగ్గరగా చదువుడు. చదువురాని అవ్వకును అర్థమగునట్లు చదువుడు: ఇంత వచ్చినది, ఇంత పోయినది, ఇంత యున్నది. ఎవరైనను ప్రశ్న అడిగిన కోపపడకుడు. ప్రశ్న గుడిలో అడుగనిచ్చినయెడల అది టీ అంగడికి పోదు. ఏటికొకసారి కమిటీలో లేనివారిచేత తనిఖీ చేయించుడి.

రెండు కాసుల లెక్క

ప్రభువు కానుకల పెట్టె ఎదుట కూర్చుండి, ఎవరు ఎంత వేయుదురో చూచుచుండెను. ధనవంతులు విస్తారముగా వేసిరి. బీద విధవరాలు రెండు కాసులు వేసెను. ఆ రెంటిని ఆయన లెక్కించెను. ఆమె జీవనమంతయు అందులో ఉన్నదని శిష్యులను పిలిచి చెప్పెను. మన గుళ్లలోను ఆ విధవరాలు ప్రతి ఆదివారము కూర్చుండుచున్నది. కలుపు తీసిన కూలిలోనుండి పది రూపాయలు కొంగున ముడివేసికొని వచ్చుచున్నది. ఆ పది రూపాయలు ఏమైనవో ఆమె ఎన్నడును అడుగదు. అడుగదు గనుకనే మనము చెప్పవలెను. ప్రభువు లెక్కించినదానిని మనము లెక్కింపకుండుట తగునా?

కావున సంఘపెద్దలారా, ఈ ఆదివారము పుస్తకము తీయుడి. తప్పులున్న భయపడకుడి, ఒప్పుకొని దిద్దుకొనుడి. సంఘస్థులారా, మీ కోశాధికారిని గూర్చి వెనుక మాటలాడకుడి. ఎదుట అడుగుడి, చూపించిన పిమ్మట కృతజ్ఞత చెప్పుడి. ఎవరైనను ఇట్టి నిందవలన గుడికి రాకుండ ఇంట కూర్చున్నయెడల, వారి యింటికి పోవుడి. మేము రెండేండ్లు ఆలస్యము చేసితిమి. మీరు చేయకుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా చేతికి నీవు అప్పగించినది నీది. దానిని వెలుగులో ఉంచి, వెలుగులో ఖర్చు చేయు ధైర్యము మాకు దయచేయుము. నమ్మకస్థులను నిందనుండి కాపాడుము. మేము నొప్పించినవారియొద్దకు మమ్మును నడిపించుము. నీ యెదుట లెక్క అప్పగించు దినమున మేము సిగ్గుపడకుండునట్లు, నేడే ఒకరికొకరము లెక్క చెప్పుకొనుట మాకు నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.